పెట్టె లేని పేజీ

మంగళవారం మధ్యాహ్నానికల్లా గొడ్డలి నూట పదిహేడు మందిని చంపాడు. కొందరి తలలు సుత్తితో పగలగొట్టాడు, కొందరిని మెట్ల మీంచి తోసేశాడు, ఒక కాపలావాడి డాలు లాక్కుని దానితోనే వాణ్ణి చావబాదాడు. తెర మీద నెత్తురు కిందికి జారుతుంటే చెమట పట్టిన అరచేతులు ప్యాంటుకి తుడుచుకుని, “అబ్బా, ఏం తీశారక్కా ఆట! ఆ చప్పుడు విన్నావా?” అన్నాడు.

పక్క కుర్చీలో అక్క వినిపించుకోలేదు. ఆవిడా అదే ఆట ఆడుతోంది, కాకపోతే ఎవర్నీ చంపడం లేదు. కొలిమి గదిలో ఓ మూల నిలబడి, శత్రువులు వచ్చి పొడుస్తుంటే పొడవనిచ్చి, చచ్చి, మళ్లీ అదే గదిలోకి వెళ్లి మెడలో వేలాడే స్టాప్‌వాచీ నొక్కుతోంది. ఆ గదిలో అడుగు పెడితే చాలు, తెర మొత్తం తెల్లగా, ఎర్రగా, మళ్లీ తెల్లగా కొట్టుకుంటోంది. పొద్దున్నుంచి ఆవిడ అక్కడ తొమ్మిదిసార్లు చచ్చింది.

“ఎందుకక్కా అన్నిసార్లు చస్తావు?”

“మొదటిసారి తొంభై మూడు సెకన్లు వచ్చింది, రెండోసారి తొంభై నాలుగు. ఏది నిజమో తేలాలి కదరా.”

అది వారం వారం అచ్చయ్యే వీడియో గేముల పత్రిక. రెండో అంతస్తులో మూడు గదులు, కింద టైర్ల దుకాణం. కొత్తగా వచ్చిన ఆటలు ఆడి సమీక్షలు రాయడం గొడ్డలి ఉద్యోగం. ఆ పేరు అమ్మానాన్నలు పెట్టింది కాదు, పాఠకులు పెట్టింది. నచ్చని ఆటని నరికి పోగులు పెడతాడని వాళ్లకి ముద్దు. ఆ ముద్దు వాడి నెత్తికెక్కి చాలా కాలమైంది. బస్సులో ఎవరైనా గుర్తుపట్టి పలకరించారంటే ఆ వారమంతా మంచినీళ్లు అడగడం కూడా నరుకుతున్నట్టే అడిగేవాడు.

అక్క పని పెట్టె. సమీక్షల కింద అగ్గిపెట్టెంత చోటులో, చుట్టూ గీత గీసి, చిన్న అక్షరాలతో వేసే సమాచారం అది. ఆట ఎన్ని గంటలు, మధ్యలో ఎక్కడ ఆపుకోవచ్చు, అక్షరాలు కళ్లజోడు లేకుండా కనబడతాయా, ఒంటిచేత్తో ఆడొచ్చా, పిల్లల ముందు పెట్టకూడనివి ఏమున్నాయి, కళ్లకి చెడుపు చేసేవి ఏమున్నాయి. దాని కింద ఎవరి పేరూ ఉండదు. గొడ్డలి దాన్ని మందుల చీటీ అనేవాడు. ఆవిడ రాతలో ‘చాలా’, ‘కొంచెం’ లాంటి మాటలు వెతికినా దొరకవు. గొడ్డలి తన సమీక్షలో ‘ఇక్కడ కాసేపు ఆగాలి’ అని రాస్తే ఎర్రకలంతో కొట్టేసి ‘నలభై సెకన్లు’ అని పెట్టేది. “కాసేపు అంటే చదివినవాడికి ఏం తెలుస్తుందిరా?” అనేది. వాడికి ఆ ఎర్రకలం చూస్తే ఒళ్లు మండేది. పదేళ్లు పెద్దది కాబట్టి, ఉద్యోగంలో చేరిన కొత్తలో పని నేర్పింది ఆవిడే కాబట్టి, మండినా మింగి ఊరుకునేవాడు.

‘ఎముకల కోట’ మీద వాడు రాసిన సమీక్షకి శుక్రవారం సాయంత్రం తిప్పలొచ్చాయి. చోటు చాల్లేదు. పేజీలు కట్టే ఆయన కంప్యూటరు ముందు తల గోక్కుంటూ, “నీ చివరి పేరా బయటికి తన్నుకొస్తోంది నాయనా. కొయ్యి,” అన్నాడు.

“ఎన్ని పదాలు?”

“మొత్తం పేరానే. ముప్పై ఆరు.”

ఆ ముప్పై ఆరు పదాలూ ఇవి: ‘ఇక ఆ ఎముకల చప్పుడు! మోకాలి చిప్ప మీద సుత్తి పడితే వినబడేది ఆట చప్పుడు కాదు, అచ్చం నిజం. మీ ఒంట్లో ఎముక విరిగినట్టే ఉంటుంది. విన్నవాడికి ఒళ్లు జలదరించి, మరో దెబ్బ వెయ్యాలనిపిస్తుంది. ఇంత నిజమైన దెబ్బ ఇంతవరకూ ఏ ఆటలోనూ తగల్లేదు. కొనండి, కొట్టండి, విరగ్గొట్టండి.’

వాడి ఒంట్లో ఏనాడూ ఎముక విరగలేదు. పక్కవాడిది విరుగుతుంటే విన్నదీ లేదు. అయినా ఆ పేరా రాసి తనకి తనే భుజం తట్టుకున్నాడు. దాన్ని కొయ్యడమంటే కన్నబిడ్డని కోసినంత బాధపడ్డాడు. ఎడిటరుగారు అప్పటికే ప్రెస్సుకి వెళ్లిపోయారు. అక్క పంటినొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్లింది. గొడ్డలి పేజీ వంక ఓసారి చూసి, “పెట్టె తీసెయ్యండి,” అన్నాడు.

“ఆవిడ చంపుతుంది.”

“నేను చెప్తాలెండి. వచ్చేవారం వేద్దాం, ఎక్కడికి పోతుంది?”

ఒక్క నొక్కుతో పెట్టె మాయమైంది, పేరా చక్కగా కూర్చుంది. ఆ పెట్టెలో చివరి రెండు వాక్యాలు ఇలా ఉన్నాయి: ‘ఏడో అంతస్తు కొలిమి గదిలో తొంభై నాలుగు సెకన్లపాటు తెర మొత్తం సెకనుకి ఎనిమిదిసార్లు తెలుపూ ఎరుపూ మారుతుంది, ఆపే వీలు లేదు. మూర్ఛ ఉన్నవాళ్లు ఆడవద్దు.’

శనివారం పొద్దున పత్రిక చేతిలోకి రాగానే అక్క ఆ పేజీ తిప్పింది. బల్ల మీదున్న టీ కప్పు తీసి గొడ్డలి తల గురిచూసి విసిరింది. వాడు వంగాడు కాబట్టి అది గోడకి తగిలి బద్దలైంది. ఓ పెంకు వాడి చెవి తమ్మె మీద గీసుకుపోయి, చొక్కా కాలరంతా నెత్తురైంది.

“పిచ్చెక్కిందా అక్కా నీకు?”

“ఎవర్ని అడిగి తీశావురా?”

“చోటు లేదక్కా! అయినా ఎవరు చదువుతారు ఆ మందుల చీటీ? నాలుగేళ్లుగా వేస్తున్నావు, చదివేవాణ్ణి ఒక్కణ్ణి చూపించు!”

నిజమే, నాలుగేళ్లలో పెట్టె గురించి ఒక్క ఉత్తరమూ రాలేదు. వచ్చేవన్నీ గొడ్డలికే. ఆవిడ కుర్చీలో కూలబడి, ఆటలు అమ్మే దుకాణాలకి ఫోన్లు చేయడం మొదలుపెట్టింది, ఆ సీడీ కొనేవాళ్లకి కొలిమి గది సంగతి చెప్పమని. ఆరు దుకాణాల్లో ఇద్దరు సరేనన్నారు, ఇద్దరు నవ్వారు, ఇద్దరు ఎత్తనేలేదు. గొడ్డలి చెవికి దూది అద్దుకుంటూ ఆవిణ్ణి చూసి, ఎందుకింత రాద్ధాంతం అనుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నం, భోజనాల వేళ, అద్దాల తలుపు పగిలింది.

మొదటి తన్నుకి పగల్లేదు. రెండో దెబ్బ సుత్తిది. గాజంతా గదిలోకి జారిపడింది. దాన్ని తొక్కుకుంటూ ఓ మనిషి లోపలికొచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. చేతుల మీద నిప్పురవ్వలు పడి కాలిన మచ్చలు, మెడలో ఇంకా తియ్యని నల్లకళ్లద్దాలు. వెల్డరు. చేతిలో ఉన్నది ఇనుము అతికాక పైన పేరుకునే మడ్డి రాలగొట్టే మొనసుత్తి, ఒకవైపు సూదిమొన, ఇంకోవైపు ఉలి అంచు. చంకలో ఓ పొడుగాటి నోటుపుస్తకం.

“ఏయ్, ఎవరయ్యా నువ్వు?” అంటూ పేజీలాయన లేచాడు. వెల్డరు మోచేత్తో ఆయన మొహం మీద ఒక్కటిచ్చాడు. ముక్కు చిట్లింది. ఆయన రెండు చేతులతో మొహం పట్టుకుని, వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారుతుండగా గోడవారనే పాకి, మెట్ల వైపు పడుతూ లేస్తూ పారిపోయాడు.

“పెట్టె రాసేది ఎవరు?” అన్నాడు వెల్డరు.

గొడ్డలి కుర్చీలోనే బిగుసుకుపోయాడు. చేతిలో ఆట ఆడే కంట్రోలరు, తెర మీద సగంలో ఆగిన శత్రువు. మాటలతో ఎందర్నో నరికిన మనిషికి నాలుక అంగిట్లో అతుక్కుపోయింది.

“నేనే,” అంది అక్క. లేచి నిలబడింది.

వెల్డరు నోటుపుస్తకం ఆవిడ బల్ల మీద విసిరాడు. అది తెరుచుకుంది. పేజీ నిండా పెట్టెలు. నాలుగేళ్ల పెట్టెలు, ఒక్కోటీ కత్తెరతో గీత మీదుగా జాగ్రత్తగా కత్తిరించి, జిగురుతో అంటించి, పక్కన పెన్సిలుతో సరే, వద్దు అని రాసినవి. గొడ్డలి తన చోటునుంచే చూశాడు. చుట్టూ ఉండాల్సిన తన సమీక్ష ముక్క ఒక్కటి కూడా లేదు. అంతా కత్తిరించి పారేశారు.

“మా ఆవిడ చేసింది ఇదంతా,” అన్నాడు వెల్డరు. “తనకి చిన్నప్పట్నుంచీ మూర్ఛ. మా ఇద్దరికీ ఉన్న సరదా ఇదొక్కటే. ఏ ఆటైనా మీ పెట్టె చదివాకే కొంటాం. పద్దెనిమిది ఆటలు వద్దన్నారు మీరు. పద్దెనిమిదీ మానేశాం. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా మూర్ఛ వచ్చి పడలేదు తను.”

“ఇప్పుడు...?” అంది అక్క.

“ఈ వారం పెట్టె లేదు. పోయినేడు పేకాట గేముకీ లేదు, అప్పుడేం కాలేదు. చెప్పాల్సిందేం లేకపోతే వెయ్యరేమో అనుకున్నాం. మిమ్మల్ని నమ్మాం కదా! ఆదివారం తనే ఆడుతోంది. ఆ కొలిమి గది వచ్చింది. నేను తెర ఆపేలోపే విరుచుకుని పడిపోయింది. మంచం కోడుకి తల తగిలింది. ఎంత నెత్తురో! మూడు రోజులైంది, కళ్లు తెరవలేదు.” సుత్తి పైకి లేచింది. “ఎందుకు రాయలేదు నువ్వు? ఆ ఒక్క ముక్క ఎందుకు రాయలేదు?”

గొడ్డలికి ఆ తర్వాతిదంతా చిన్న చిన్న విషయాలుగా గుర్తుంది. అక్క ఎడమచెయ్యి ఛాతీ మీదున్న స్టాప్‌వాచీని పట్టుకుంది. కుడిచెయ్యి బల్ల మీద, పుస్తకం పక్కన ఉంది. ఆవిడ వెల్డరు వైపు చూడలేదు. తిరిగి గొడ్డలి వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, తిట్టూ లేదు. వాడు ఆ చూపునుంచి కళ్లు తప్పించుకుని నేల మీది గాజుముక్కలు చూశాడు. చెప్పాలి అనుకున్నాడు. ఆ సుత్తి సూదిమొన చూశాడు. చెప్పేస్తా, ఇదిగో, చెప్పేస్తా అనుకున్నాడు. ఆవిడే ఏదో ఒకటి సర్దిచెబుతుందిలే అని కూడా అనుకున్నాడు. ఆ మాట తర్వాత ఎవరికీ చెప్పుకోలేదు, తనకి తను మాత్రం రోజూ చెప్పుకున్నాడు. వాడి నోరు పెగల్లేదు.

“చెప్పవేం!” అని అరిచాడు వెల్డరు. సుత్తి దిగింది.

బల్ల మీదున్న మణికట్టు మీద పడింది. అప్పుడు గొడ్డలి మొదటిసారి ఎముక విరిగిన చప్పుడు విన్నాడు. ఆటలో మాదిరి పెళ్లున లేదు. తడిగుడ్డలో చుట్టిన పెన్సిలు విరిగినంత చిన్న చప్పుడు. నిలువెత్తు మనిషి లోపల్నించి వచ్చింది అంత చిన్న చప్పుడే. ఒళ్లు జలదరించలేదు. మరో దెబ్బ వెయ్యాలనిపించలేదు. అక్క అరవలేదు కూడా, ఊపిరి లోపలికి పీల్చి వదలడం మర్చిపోయినట్టు నిలబడి, నెమ్మదిగా మోకాళ్ల మీద కూర్చుండిపోయింది. చెయ్యి మాత్రం బల్ల అంచుకి అడ్డదిడ్డంగా వేలాడింది.

“నేను!” అని అరిచాడు గొడ్డలి. “ఆవిడ కాదు, నేను! ఆవిడ రాసింది. కొలిమి గది, సెకన్లతో సహా రాసింది. నేనే తీయించేశాను!”

వెల్డరు తిరిగాడు. అతని మొహంలో అప్పటిదాకా లేని భయం కనబడింది. నేల మీదున్న అక్కని చూశాడు, పుస్తకంలో తన భార్య అంటించిన కాగితాల్ని చూశాడు. తను ఎవర్ని కొట్టాడో అప్పుడు తెలిసినట్టుంది. నోటినుంచి మూలుగులాంటిదేదో వచ్చింది. ఆ మరుక్షణం ఆ భయమంతా కోపమై గొడ్డలి మీద విరుచుకుపడింది.

“మరి ఇందాకే ఏడవలేదేంరా?”

కాలరు పట్టి కుర్చీతో సహా లాగి, మొహాన్ని బల్లకేసి కొట్టాడు. పెదవి చిట్లింది, పన్ను ఒకటి కదిలింది. తల పైకి లేపేసరికి కళ్ల ముందు శనివారం పత్రిక ఉంది. సరిగ్గా ఆ పేజీ.

“ఎందుకు తీశావు?”

“చోటు... చోటు చాల్లేదు.”

“దేనికి చాల్లేదు?”

గొడ్డలి వేలు చూపించాడు. వెల్డరు ఆ చేతినే బల్ల మీద పరిచి మోచేత్తో అదిమిపెట్టాడు.

“చదువు.”

“వద్దన్నా, నీకు దణ్ణం పెడతా...”

“చదవరా!”

“ఇక ఆ ఎముకల చప్పుడు,” అని చదివాడు గొడ్డలి. నెత్తురు పత్రిక మీద బొట్లుగా పడుతోంది. “మోకాలి చిప్ప మీద సుత్తి పడితే వినబడేది ఆట చప్పుడు కాదు, అచ్చం నిజం.”

“నా పెళ్లానికి ఇదెందుకు పనికొస్తుంది?”

సుత్తి చిటికెనవేలు మీద దిగింది. గొడ్డలి పెట్టిన కేకకి కింద దుకాణంలో టైరు కొడుతున్న చప్పుడు ఆగిపోయింది.

“తర్వాతది.”

“మీ ఒంట్లో... మీ ఒంట్లో ఎముక విరిగినట్టే ఉంటుంది.”

“ఉందా? అలాగే ఉందా?”

“లేదు! లేదన్నా, అలా లేదు! తెలీక రాశాను!”

ఉంగరం వేలు. తర్వాతి వాక్యానికి నడిమివేలు. గొడ్డలికి కళ్లు బైర్లు కమ్మాయి, ప్యాంటు తడిసింది, అయినా వాక్యం తర్వాత వాక్యం చదువుతూనే పోయాడు. తన రాత అంత పొడుగుగా ఎన్నడూ అనిపించలేదు వాడికి. ‘కొనండి, కొట్టండి’ దగ్గరికి వచ్చేసరికి గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు. వెల్డరు సుత్తి పైకెత్తాడు. ఈసారి చేతి మీదికి కాదు, తల మీదికి.

అప్పుడే టైర్ల దుకాణం వాళ్లు నలుగురు మెట్లెక్కి వచ్చారు. వెనకాల ముక్కుకి రుమాలు అదిమిపట్టి పేజీలాయన. ఒకడి చేతిలో టైర్లు విప్పే ఇనపకడ్డీ ఉంది. అది వెల్డరు వీపు మీద పడింది. సుత్తి జారింది. అతను పడ్డాక కూడా వాళ్లు ఆపలేదు. పక్కటెముకల్లో తన్నారు, మొహం మీద తన్నారు, గాజుపెంకుల్లో ఈడ్చారు. వెల్డరు చేతులు అడ్డుపెట్టుకోలేదు. రెండు చేతులూ నోటుపుస్తకం మీద వేసి, దాన్ని పొట్ట కింద పెట్టుకుని పడుకున్నాడు.

“ఆపండ్రా!” అని అరిచింది అక్క నేల మీంచి. ఆ రోజు ఆవిడ గొంతు పెంచింది ఆ ఒక్కసారే. “చచ్చిపోతాడు, ఆపండి! చాలు!”

పోలీసులు వచ్చేదాకా ఎవరూ ఎవరి మొహం చూడలేదు.

ఆస్పత్రిలో గొడ్డలి కుడిచేతి వేళ్లు మూడింటికి తీగలు గుచ్చారు. అక్క మణికట్టులో రెండు ఎముకలకి రేకు వేసి మరలు బిగించారు. వెల్డరుకి మూడు పక్కటెముకలు విరిగాయి. కట్లు కట్టి, కాపలాతో కింది వార్డులో పడుకోబెట్టారు. అతని భార్య అదే భవనంలో పై అంతస్తులో ఉంది. శుక్రవారం పొద్దున ఆవిడ కళ్లు తెరిచింది. ఎడమచెయ్యి కదలడం లేదు, మాట ముద్దగా వస్తోంది, ఆదివారం ఏం జరిగిందో ఏమీ గుర్తు లేదు. ఈ కబురు నర్సు చెప్పగానే గొడ్డలి దిండులో మొహం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బతికిందన్న సంతోషమా, తను బతికిపోయానన్న సంతోషమా అని తనని తను అడిగి, తేల్చుకోలేక మరింత ఏడ్చాడు.

మధ్యాహ్నం ఎడిటరుగారు వచ్చారు. మంచి మనిషే, కానీ పత్రిక పరువు అంటే ప్రాణం. జేబులోంచి ఓ కాగితం తీసి చదివి వినిపించారు. “సాంకేతిక కారణాల వల్ల గత సంచికలో ఒక హెచ్చరిక అచ్చు కాలేదు, చింతిస్తున్నాము. ఇంత చాలు బాబూ. ఎవరు, ఏమిటి అని లోతుకి వెళ్లడం ఎందుకు? నీ పేరంటే జనానికి ఇష్టం.”

“సాంకేతిక కారణం నేనే కదండీ,” అన్నాడు గొడ్డలి.

“అదే వద్దంటున్నాను.”

“నా పేజీ నాకివ్వండి సార్. ఈసారికి సమీక్ష వద్దు. కొంచెం చోటు చాలు.”

ఎడిటరుగారు వాడి కట్ల వంక చూసి, సరే కానీ అని వెళ్లిపోయారు. గొడ్డలి ఎడమచేత్తో రాయడం మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరం కొండెక్కినట్టు ఎక్కి దిగాలి. నాలుగు వాక్యాలకి సాయంత్రమైంది. పోయినవారం వరకూ గంటలో వెయ్యి పదాలు నరికి పారేసిన మనిషి, ఆ నాలుగు వాక్యాలకీ పదిసార్లు కొట్టేసి పదిసార్లు రాశాడు. ఎంత రాసినా ఒక మాట దగ్గర కలం ఆగిపోతోంది. ఆ మాట వదిలేస్తే చదివేవాళ్లకి ఏ నష్టమూ లేదు కదా అనిపించింది. తన పరువుకి మాత్రం బోలెడు లాభం. అలా అనిపించిందంటేనే వదలకూడదని తెలిసి, రాసేశాడు. కాగితం పట్టుకుని అక్క మంచం దగ్గరికి వెళ్లాడు.

బుధవారం తర్వాత ఆవిడ ముందు నిలబడటం అదే మొదలు. ఆవిడ కుడిచెయ్యి మోచేతిదాకా పిండికట్టులో ఉంది. దిండు పక్కన స్టాప్‌వాచీ ఉంది.

“అక్కా, ఇది చూస్తావా?”

“కలం ఇవ్వు.”

“ఎర్రది లేదు, నీలం...”

“ఏదో ఒకటి ఇవ్వరా.”

ఆవిడ ఎడమచేత్తో కాగితం పట్టుకుని చదివింది. ‘“ఎముకల కోట” కొలిమి గదిలో తొంభై నాలుగు సెకన్లపాటు తెర మొత్తం సెకనుకి ఎనిమిదిసార్లు తెలుపూ ఎరుపూ మారుతుంది, ఆపే వీలు లేదు, మూర్ఛ ఉన్నవాళ్లు ఆడవద్దు. ఈ హెచ్చరిక పోయినవారమే రాసి ఉంది, నా ముప్పై ఆరు పదాలకి చోటు కోసం దాన్ని నేను తీయించేశాను. ఎముక విరిగిన చప్పుడు ఆటలో ఉన్నట్టు ఉండదు, అది నేను తెలియకుండా రాశాను. ఎందుకు రాయలేదని ఒక పాఠకుడు వచ్చి అడిగినప్పుడు కాసేపు నోరు మూసుకుని కూర్చున్నాను, ఆలోగా అది రాసినావిడ చెయ్యి విరిగింది.’ కింద, ఎప్పుడూ వేసే గొడ్డలి అన్న పేరు కాకుండా, అమ్మానాన్నలు పెట్టిన పేరు పెట్టాడు.

అక్క కాగితాన్ని ఒళ్లో పరుచుకుంది. కలాన్ని పిడికిట్లో పట్టుకుని, ఒక్క మాట మీద వంకరగా గీత గీసింది. కాసేపు అన్న మాట.

“కాసేపు అంటే చదివినవాడికి ఏం తెలుస్తుందిరా?”

దిండు పక్కనున్న స్టాప్‌వాచీ తీసి వాడి ముందు పెట్టింది. ఆ రోజు వెల్డరు ‘ఎందుకు రాయలేదు’ అన్న క్షణంలో ఆవిడ బొటనవేలు అలవాటు కొద్దీ దాన్ని నొక్కింది. దెబ్బ పడ్డప్పుడు ఆ ఊపుకి మళ్లీ నొక్కుకుంది. తర్వాత ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. అద్దం చిట్లింది గానీ అంకెలు కనబడుతున్నాయి. పదకొండు.

గొడ్డలి ఆ అంకె వైపు చూస్తూ నిలబడ్డాడు. పదకొండు సెకన్లు ఎంతసేపో ఆట ఆడేవాళ్లకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పదకొండు సెకన్లలో వాడు ముగ్గురిని చంపేవాడు, తలుపు దాటేవాడు, మెట్లెక్కేవాడు. నేను అన్న మాట అనడానికి ఒక్క సెకను చాలు.

“నువ్వు చెప్పొచ్చు కదక్కా,” అన్నాడు. “తీసింది వీడు అని వేలు చూపిస్తే అయిపోయేది. నీ చెయ్యి దక్కేది. ఎందుకు ఊరుకున్నావు?”

ఆవిడ కొట్టేసిన మాట పైన, అలవాటు లేని చేత్తో, పసిపిల్లలు రాసినట్టు పెద్ద పెద్ద అక్షరాలతో ‘పదకొండు సెకన్లు’ అని రాసి, కాగితం వాడికి తిరిగిచ్చింది.

“నువ్వు చెబుతావని చూశాన్రా,” అంది.